సుమారుకు కొలత కట్టిన మహనీయుడు: ఆచార్య ప్రశాంత చంద్ర మహలనోబిస్

తెలుగువారు నిత్యవ్యవహారంలో వాడే 'సుమారు' అనే మాట మనకు పారసీకం నుండి సంక్రమించినది. ఆ భాషలో 'షుమార్' అనగా లెక్క. ఉర్దూలో నేటికీ జనగణనను 'మర్దుమ్ షుమారీ' అనీ, సాంఖ్యక శాస్త్రాన్ని 'షుమారియాత్' అనీ వ్యవహరిస్తారు. లెక్క అనే నిక్కమైన అర్థం గల పదం మన భాషలో అడుగుపెట్టేసరికి 'ఇంచుమించు' అనే సడలిన అర్థాన్ని సంతరించుకొన్నది. ఈ అర్థపరిణామం వెనుక ఒక లోకసత్యం దాగి ఉన్నది. పెద్ద సమూహాన్ని లెక్కించబూనినప్పుడు మనకు చిక్కేది ఇంచుమించు మాత్రమే. అయితే ఆ ఇంచుమించు ఎంత? ఎక్కువయితే ఎంత ఎక్కువ, తక్కువయితే ఎంత తక్కువ? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పని అంకెను నమ్మరాదని బోధించి, సమాధానం చెప్పే పద్ధతిని మన దేశంలో నెలకొల్పిన మహనీయుడు ఆచార్య ప్రశాంత చంద్ర మహలనోబిస్. నేడు మన ఇంటి ముంగిటకు వచ్చి ఆరోగ్యాన్ని గూర్చి ప్రశ్నలడిగే జాతీయ సర్వేలకు మూలపురుషుడాయనే. ఆయన జీవితాన్ని విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తా నగరంలో జన్మించారు. తాతగారైన గురుచరణ్ తూర్పు బెంగాలు నుండి కలకత్తాకు తరలివచ్చి, మందుల దుకాణం పెట్టుకొని స్వశక్తితో పైకి వచ్చినవారు. ఆయన బ్రహ్మసమాజంలో చేరి, 1864లో లోకనిందకు వెరువక ఒక వితంతువును వివాహమాడిన ధీరుడు. తల్లి నిరోద్‌బాసిని, ప్రఖ్యాత వైద్యుడు నీలరతన్ సర్కార్‌కు సోదరి. ఈ విధంగా సంఘసంస్కారమూ, వైద్యమూ, విద్యావ్యాసంగమూ ముప్పేటగా అల్లుకొన్న కుటుంబంలో బాలుడు పెరిగాడు. పెద్దలు చెప్పినారు గనుక ఒప్పుకోవడం కాక, పరీక్షించి ఒప్పుకోవడం ఆ ఇంటి సంప్రదాయం. అదే గుణం తర్వాత ఆయన శాస్త్రదృష్టికి పునాది అయినది.

ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి ఉద్దండుల శిష్యరికం చేసి, 1912లో భౌతికశాస్త్రంలో పట్టభద్రులయ్యారు. మరుసటి సంవత్సరం లండను విశ్వవిద్యాలయంలో చేరవలెనని ఇంగ్లండుకు ప్రయాణమయ్యారు. కాని విధి మరొక దారి చూపింది. ఒకనాడు కేంబ్రిడ్జి చూడబోయి, అక్కడి కింగ్స్ కళాశాల ప్రార్థనామందిర సౌందర్యానికి ముగ్ధులై కాలం మరచిపోయి, తిరుగు రైలు తప్పిపోయారు. ఆ రాత్రి ఆశ్రయమిచ్చిన మిత్రుని సలహాతో ఆ కళాశాలలోనే ప్రవేశం పొందారు. కేంబ్రిడ్జిలోనే గణితమేధావి శ్రీనివాస రామానుజన్‌తో స్నేహం కలిసింది. చలికి నిద్రపట్టక బాధపడుతున్న రామానుజన్‌కు, పడకపై పరచి ఉన్న కంబళ్ళ మీద గాక వాటి నడుమ దూరి పడుకోవలెనని మహలనోబిస్ చూపించిన సంగతి ప్రసిద్ధమే. మనిషి కష్టం కంటబడితే కారణం వెదకి ఉపాయం చెప్పే స్వభావం ఆయనకు యౌవనంలోనే అలవడింది.

1915లో భౌతికశాస్త్రంలో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులై, పరిశోధనకు ముందు కొద్దికాలం స్వదేశంలో గడపడానికి బయలుదేరారు. మొదటి ప్రపంచయుద్ధం కారణంగా ఓడ ఆలస్యమయింది. ఆ విరామంలో కళాశాల గ్రంథాలయంలో, గురువుగారైన మెకాలే సూచనపై, 'బయోమెట్రికా' అనే పత్రిక సంపుటాలు ఆయన కంటబడ్డాయి. జీవుల కొలతలను గణితంతో పరిశీలించే పత్రిక అది. ఆసక్తి కలిగి మొత్తం సంపుటాలను కొని, ఓడలో చదవడం మొదలుపెట్టారు. కలకత్తా చేరిన తర్వాత ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర బోధకులుగా నియుక్తులయ్యారు. తిరిగి కేంబ్రిడ్జి పరిశోధనకు వెళ్ళలేదు. పాఠం చెప్పేది భౌతికశాస్త్రమైనా, మనసు హత్తుకొన్నది మాత్రం ఆ సంపుటాలలోని కొత్త విద్యకే.

1920లో నాగపూరులో జరిగిన సైన్సు కాంగ్రెసులో జంతుశాస్త్ర సర్వే అధిపతి అన్నండేల్‌తో పరిచయమయింది. కలకత్తాలోని ఆంగ్లో ఇండియనుల శరీర కొలతలను పరిశీలించమని ఆయన కోరగా, 1922లో మహలనోబిస్ తొలి సాంఖ్యక వ్యాసం వెలువడింది. ఆ పరిశీలనే ముదిరి 1936లో 'డి-స్క్వేర్' అనే కొలతగా రూపొందింది. రెండు జనసమూహాలు ఒకదానికొకటి ఎంత దూరమో చెప్పే కొలత అది. ఎత్తు, బరువు, తల చుట్టుకొలత వంటి అంశాలు ఒకదానిపై మరొకటి ఆధారపడి ఉంటాయి. ఎత్తయినవాడు సాధారణంగా బరువుగానే ఉంటాడు గదా! ఆ సంబంధాన్ని లెక్కలోనికి తీసుకోకుండా తేడాలన్నీ కూడితే ఒకే విషయాన్ని రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. ఆ దోషాన్ని తొలగించిన ఈ కొలత 'మహలనోబిస్ దూరం' పేర నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

శాస్త్రం గదిలో కూర్చుండిపోరాదన్నది ఆయన దృఢవిశ్వాసం. 1922లో ఉత్తర బెంగాలును వరదలు ముంచెత్తినప్పుడు, నీటిని నిలవచేసే జలాశయాలు కట్టవలెనని ఇంజనీర్లు తలపెట్టారు. మహలనోబిస్ దశాబ్దాల వర్షపాతపు లెక్కలు తీసి, ఆ జలాశయాల వలన ప్రయోజనం లేదనీ, నీరు త్వరగా పారిపోయే ఏర్పాటే అవసరమనీ నిరూపించారు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణీ నది పొంగినప్పుడు, నదీగర్భం పూడి పైకి లేచినదని నమ్మి కట్టలు ఎత్తుచేయదలచారు. సుమారు అరవై ఏండ్ల లెక్కలు పరిశీలించి, నదీగర్భం లేవలేదనీ, ఎగువన ఆనకట్టలు కట్టడమే మార్గమనీ ఆయన తేల్చారు. కంటికి తోచిన కారణం వేరు, లెక్క చూపిన కారణం వేరు. కంటిని నమ్మి ఉంటే లక్షల రూపాయలు ఏటిపాలయ్యేవి.

1923లో నిర్మల కుమారితో ఆయన వివాహం జరిగింది. విశ్వకవి రవీంద్రునితో ఆ దంపతుల అనుబంధం గాఢమైనది. విశ్వభారతి స్థాపనాకాలం నుండి పదేండ్లపాటు మహలనోబిస్ దాని కార్యదర్శిగా సేవచేశారు. ఈలోగా ప్రెసిడెన్సీ కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో ఒక మూల చిన్న సాంఖ్యక ప్రయోగశాల వెలసింది. అదే 1931 డిసెంబరు 17న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌గా అవతరించింది. మొదటి సంవత్సరంలో ఆ సంస్థ ఖర్చు 250 రూపాయలకు లోపే. 1933లో 'సాంఖ్య' అనే పత్రిక ప్రారంభమయింది. సంఖ్య అనే మాటకు లెక్క అనీ, సాంఖ్యమనే మాటకు యథార్థజ్ఞానమనీ మన పూర్వులు చెప్పిన అర్థాలు రెండూ ఆ పేరులో ఇమిడి ఉన్నాయి.

మహలనోబిస్ కీర్తికి కలికితురాయి ప్రతిచయనం. సమస్తాన్ని లెక్కించకుండా, కొంత భాగాన్ని ఎంచుకొని దాని ద్వారా సమస్తాన్ని గ్రహించడమే ప్రతిచయనం. అన్నం ఉడికినదీ లేనిదీ ఒక మెతుకు పట్టి చూచే గృహిణికి ఈ విద్య తెలియనిది కాదు. కాని కుండలో అన్నం ఒకే తీరుగా ఉడుకుతుంది, దేశం అలా ఉండదు. ఒక పల్లెలో వరి, పక్క పల్లెలో జొన్న. ఒక వాడలో కలిమి, మరొక వాడలో లేమి. ఏ మెతుకును పట్టవలెను? ఎన్నింటిని పట్టవలెను? ఇక్కడే శాస్త్రం అవసరమవుతుంది. 1937లో బెంగాలులో జనుము సాగు విస్తీర్ణాన్ని అంచనా వేసే పని ఆయన చేపట్టారు. తొలుత చిన్న ఎత్తున ప్రయోగం చేసి, పొరపాట్లు దిద్దుకొని, ఏటేటా విస్తరించి, 1941 నాటికి రాష్ట్రమంతటికీ వ్యాపింపజేశారు. ఎంచుకొనే తునక ఎంత ఉండవలెను, ఎన్ని తునకలు కావలెను, నడకకు ఎంత కాలం పడుతుంది, ఖర్చు ఎంత అన్న వాటినన్నింటినీ ఒకే సూత్రంలో బిగించి, ఇచ్చిన సొమ్ముకు అత్యంత నిక్కమైన ఫలితం రాబట్టే పద్ధతిని రూపొందించారు.

ప్రతి మడినీ లెక్కించడమే మేలని వాదించినవారు అప్పుడూ లేకపోలేదు. 1940ల దశకంలో ఆ వాదానికి పరీక్ష జరిగింది. ప్రతి మడినీ లెక్కించగా జనుము దిగుబడి 63 లక్షల 4 వేల బేళ్ళని తేలింది. మహలనోబిస్ ప్రతిచయనం ప్రకారం అది 75 లక్షల 40 వేలు. తుదకు వర్తకుల లెక్కలూ, కస్టమ్స్ లెక్కలూ కూడగా వచ్చిన సంఖ్య 75 లక్షల 62 వేలు. పదింతలు ఖర్చుచేసి తీసిన పూర్తి లెక్క నూటికి పదహారు పాళ్ళకు మించి తప్పగా, ప్రతిచయనం ఒక పాలు కూడా తప్పలేదు. కారణం సుస్పష్టమే. వేలాది మందిని తాత్కాలికంగా చేర్చుకొని చేయించిన పనిలో శ్రద్ధ ఉండదు, తనిఖీ సాగదు. కొద్దిపాటి పనిని శిక్షణ గలవారిచేత చేయిస్తే ప్రతి అడుగునూ సరిచూచుకోవచ్చును.

అయినా, ఆ కొద్దిమంది మాత్రం తప్పు చేయరని భరోసా ఏమిటి? ఈ ప్రశ్నను ఇతరులు అడుగక మునుపే మహలనోబిస్ తనకు తాను వేసుకొన్నారు. దానికి ఆయన కనిపెట్టిన ఉపాయమే అంతర్వ్యాప్త ఉపనమూనాల పద్ధతి. ఒకే ప్రాంతం నుండి రెండు నమూనాలు విడివిడిగా తీస్తారు. వాటిని రెండు వేర్వేరు బృందాలకు అప్పగిస్తారు. రెండు బృందాలూ ఒకే ప్రాంతంలో తిరుగుతాయి గాని, ఒకరి లెక్కతో మరొకరికి సంబంధం ఉండదు. చివరకు రెండు అంచనాలను పక్కపక్కన పెడతారు. అవి దగ్గరగా ఉంటే అంకెను నమ్మవచ్చును. దూరంగా ఉంటే నమూనా చాలలేదో, పనివారు అశ్రద్ధ చేశారో వెదకవలెను. తన పని మీద తానే నిఘా పెట్టుకోవడం, ఆ నిఘా ఫలితాన్ని దాచక ప్రకటించడం ఈ పద్ధతికి ప్రాణం. ఇద్దరూ ఒకే తప్పు చేస్తే మాత్రం ఈ ఉపాయం పట్టుకోలేదు. అందుకే శిక్షణకూ, ప్రశ్నల రూపకల్పనకూ కూడ ఆయన అంతటి ప్రాధాన్యమిచ్చారు.

ఆయన మాటే వేదవాక్కని అందరూ తలవంచలేదు. పంట కోత ప్రయోగాలలో చిన్న మడులు తీసుకొంటే చాలునని మహలనోబిస్ వర్గమంటే, చిన్న మడుల అంచుల వద్ద మొక్కలు అదనంగా కలిసిపోయి దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందని వ్యవసాయ పరిశోధనా మండలికి చెందిన సుఖాత్మే వాదించారు. ఆ వాదం చాలాకాలం సాగింది. ఇరువర్గాలూ పొలాలలోనికి దిగి ప్రయోగాలతో జవాబులు చెప్పుకొన్నందువలన దేశానికి మేలే జరిగింది. శాస్త్రంలో ప్రతిపక్షం శత్రువు కాదనడానికి ఇదొక నిదర్శనం.

1943లో బెంగాలును మహాక్షామం కబళించింది. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం మృతుల సంఖ్యను సుమారు 15 లక్షలన్నది. తరువాతి పరిశోధకులు పలువురు అది 30 లక్షల వరకు ఉండవచ్చునన్నారు. ఈ రెండు సంఖ్యల నడుమ తేడాయే 15 లక్షల ప్రాణాలు! ఎవరి చావు లెక్కకెక్కిందో, ఎవరి చావు ఎక్కలేదో కూడ చెప్పలేని దుస్థితి అది. క్షామం తర్వాత మహలనోబిస్ తన సహచరులతో కలిసి పల్లెలలో నమూనా సర్వే జరిపించారు. ఏయే కుటుంబాలు భూమి అమ్ముకొన్నవి, ఏ వృత్తులవారు నిరాశ్రయులైనవారు అన్న విషయాలు ఇల్లిల్లూ తిరిగి సేకరించారు. దెబ్బ అందరికీ సమంగా తగలలేదనీ, భూమి లేని కూలీలూ, బెస్తలూ వంటి నిరుపేద వర్గాలు ఎక్కువగా చితికిపోయారనీ ఆ సర్వే వెల్లడించింది. సగటు సంఖ్య ఒక్కటే చూచుకొంటే ఈ నిజం బయటపడదు. లెక్క అనేది నిర్జీవమైన అంకెల వరుస కాదనీ, నోరు లేనివారి తరఫున పలికే సాక్ష్యమనీ ఆ సర్వే చాటింది.

ఈ సంస్థ గడపలో అడుగుపెట్టిన తెలుగు యువకుని గూర్చి ఇక్కడ తప్పక చెప్పుకోవలెను. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణాలలో చదువుకొని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుండి గణితంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకొన్నారు. ఉద్యోగాన్వేషణలో కలకత్తా వెళ్ళి, అక్కడ ఈ సంస్థను గూర్చి విని, 1941 జనవరిలో శిక్షణకు చేరారు. ఐదేండ్లు తిరగకుండానే, 1945లో, అంచనాలలో పొరపాటు ఎంతకంటె తగ్గదో చెప్పే సిద్ధాంతాన్ని ప్రకటించి ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. మహలనోబిస్ కొలతను వెంటబెట్టుకొని కేంబ్రిడ్జి వెళ్ళి, ప్రాచీన అస్థిపంజరాల పరిశీలనకు దానిని వినియోగించారు. 2023లో నూట రెండేండ్ల నిండు వయస్సులో ఆయన పరమపదించారు. యోగ్యుడు ఏ మూల నుండి వచ్చినా గుర్తించి చేరదీయడం మహలనోబిస్ గుణవిశేషం.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత దేశానికి తన స్థితి తనకు తెలియవలసిన అగత్యం ఏర్పడింది. 1949లో మహలనోబిస్ కేంద్ర మంత్రిమండలికి గౌరవ సాంఖ్యక సలహాదారుగా నియుక్తులయ్యారు. ఆయన సూచనతో 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమయింది. అక్టోబరులో మొదలైన తొలి దఫాలో 1,833 గ్రామాలను ఎంచుకొన్నారు. తూనికలూ కొలతలూ ఊరికొక తీరుగా ఉన్న రోజులవి. మన వైపు సేరు, తవ్వ, మానిక, కుంచం అంటే, మరొక చోట మరొక పేరు, మరొక పరిమాణం. వాటన్నిటినీ ఒక్క మాపులోనికి తెచ్చుకొంటూ, బాటలు లేని పల్లెలకు కాలినడకన వెళ్ళి, సర్వే సిబ్బంది ఆ మహాకార్యాన్ని నెరవేర్చారు. అంతటి విశాలమైన నిరంతర సర్వే అప్పటికి సంపన్న దేశాలలో సైతం అరుదు. ఐక్యరాజ్యసమితిలో ప్రతిచయన ఉపసంఘానికి అధ్యక్షత వహించి, ఈ పద్ధతిని ఇతర దేశాలకు అందించినదీ ఆయనే.

తిండి, బట్ట, ఖర్చులతో పాటు రోగాలను గూర్చి కూడ జాతీయ నమూనా సర్వే 1953-54లో జరిగిన ఏడవ దఫా నుండి ప్రశ్నించసాగింది. 1973-74లో అనారోగ్యంపై విస్తృతంగా సర్వే జరిగింది. 1972లో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా పోషణ పర్యవేక్షణ సంస్థ ఏర్పడి, దశాబ్దాల పాటు పల్లె కుటుంబాల ఆహారాన్ని తూచి లెక్కగట్టింది. 1992-93లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రారంభమయింది. దాని ఐదవ దఫా 2019-21లో జరిగినప్పుడు దేశమంతటా 6,36,699 కుటుంబాలనూ, 7,24,115 మంది స్త్రీలనూ ప్రశ్నించారు. ఈ సర్వేలన్నీ మహలనోబిస్ స్వయంగా నడిపినవి కావు. కాని ఇవి నడిచే బాట ఆయన వేసినది.

ఈ ఆరోగ్య సర్వేల లెక్క ఎందుకు కఠినమో విద్యార్థులు గ్రహించవలెను. ఒక ఉదాహరణ ఊహించుకొందాం. ఒక ప్రాంతంలో పల్లెలలో 9,000 మంది, పట్టణంలో 1,000 మంది స్త్రీలున్నారనుకొందాం. రెండు చోట్లా చెరి నూరు మందికి రక్తపరీక్ష చేయగా పల్లెలలో 60 మందికి, పట్టణంలో 40 మందికి రక్తహీనత కనబడింది. రెండు వందలలో నూరు మంది గనుక నూటికి 50 అని చెప్పడం తప్పు. పల్లె స్త్రీ ఒక్కొక్కరు 90 మందికి ప్రతినిధి, పట్టణ స్త్రీ ఒక్కొక్కరు 10 మందికి ప్రతినిధి. ఆ ప్రాతినిధ్యాన్నే 'భారం' అంటారు. భారంతో లెక్కిస్తే నూటికి 58 అని తేలుతుంది. భారాన్ని విస్మరించినవాడు, తెలియకనే, పల్లె స్త్రీల గొంతు నొక్కినవాడవుతాడు.

రెండవ చిక్కు మరింత సూక్ష్మమైనది. కుటుంబ ఆరోగ్య సర్వేలో ముందుగా గ్రామాలను ఎంచుకొని, ఒక్కొక్క గ్రామంలో 22 ఇళ్ళ చొప్పున తీసుకొంటారు. యాచారం వైపు ఏదో ఒక పల్లె ఆ జాబితాలోనికి వచ్చినదనుకొందాం. ఆ 22 ఇళ్ళవారూ ఒకే బోరుబావి నీరు త్రాగుతారు, ఇంచుమించు ఒకే తిండి తింటారు, ఒకే ఆరోగ్య ఉపకేంద్రానికి పోతారు. ఒక ఇంటిని చూస్తే పక్క ఇల్లు కొంత తెలిసిపోతుంది. అందువలన 22 ఇళ్ళు చూచినా, 22 వేర్వేరు పల్లెలలో ఒక్కొక్క ఇల్లు చూచినంత జ్ఞానం లభించదు. దీనిని లెక్కలోనికి తీసుకోకపోతే మన అంచనా ఉన్నదానికంటె నిక్కమైనదని భ్రమపడతాము. బి.ఎస్‌సి. విద్యార్థులు నేర్చుకొనే కై-వర్గ పరీక్షను ఇటువంటి సర్వేలపై యథాతథంగా ప్రయోగిస్తే, లేని సంబంధాలు ఉన్నట్లు కనబడతాయి. ఆ పరీక్షను సంస్కరించి 1981లో సరిదిద్దిన ఇద్దరిలో ఒకరు ఏలూరులో పుట్టి కెనడాలో ఆచార్యులైన జె.ఎన్.కె. రావు, రెండవవారు న్యూజీలండుకు చెందిన స్కాట్. 'రావు-స్కాట్ సవరణ' పేర అది నేడు ప్రపంచమంతటా ఆరోగ్య సర్వేల విశ్లేషణలో వినియోగపడుతున్నది.

మరి పొరపాటు హద్దును కొలిచేదెట్లు? ఇక్కడ మళ్ళీ మహలనోబిస్ ఉపనమూనాలే దారి చూపాయి. అమెరికా దేశపు జాతీయ ఆరోగ్య సర్వేల కోసం 1960ల దశకంలో మెకార్తీ అనే పండితుడు నమూనాను సగాలుగా విడదీసి, పలు విధాల సగాలతో అంచనా వేసి, వాటి నడుమ తేడాతో పొరపాటును కొలిచే పద్ధతిని రూపొందించారు. ఒక్కొక్క గ్రామాన్ని తొలగిస్తూ మళ్ళీ మళ్ళీ లెక్కించే మరొక పద్ధతి మన కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడ ఉపయోగిస్తారు. ఒకే ప్రశ్నకు పలు జవాబులు తీసుకొని, వాటి ఎడబాటును బట్టి నమ్మకాన్ని నిర్ణయించడమే వీటన్నిటిలోని సారం. దీని అవసరమేమో మన రాష్ట్రపు అంకెలే చెబుతాయి. తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత 2015-16 సర్వేలో నూటికి 56.6, 2019-21 సర్వేలో 57.6. రక్తహీనత పెరిగినదని తొందరపడి చాటవచ్చునా? మొదటి సర్వేలో రాష్ట్రానికి తీసుకొన్న నమూనా సుమారు 7,500 మంది స్త్రీలు మాత్రమే. ఈ ఒక్క పాలు తేడా పొరపాటు హద్దు లోపలిదే. పెరిగిందని గాని, తగ్గిందని గాని చెప్పలేము. కాని సగానికి పైగా స్త్రీలు రక్తహీనులన్నది మాత్రం ఏ హద్దుకూ లొంగని కఠోర సత్యం. ఏది చెప్పవచ్చునో, ఏది చెప్పరాదో వేరుచేసి చూపడమే ఈ శాస్త్రం మనకు చేసే ఉపకారం.

చిన్న సమూహాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. దేశం మొత్తానికి లక్షల నమూనా ఉన్నా, ఒక మండలానికో, ఒక వృత్తివారికో, ఒక అల్పసంఖ్యాక వర్గానికో వచ్చేసరికి కొద్ది ఇళ్ళే మిగులుతాయి. 2006లో నివేదిక సమర్పించిన సచార్ సంఘం ముస్లిముల విద్య, ఉపాధి, ఆరోగ్య స్థితులను వివరించడానికి జనగణనతో పాటు జాతీయ నమూనా సర్వేనూ, కుటుంబ ఆరోగ్య సర్వేనూ ఆధారం చేసుకొన్నది. అప్పటివరకు ఊహలూ, అపోహలూ రాజ్యమేలిన చోట అంకెలు మాట్లాడాయి. మనల్ని గూర్చి ఇతరులు చెప్పే మాటలకు గాని, మనం చెప్పుకొనే మాటలకు గాని ప్రమాణం కావలెనంటే, మన ఇంటికి వచ్చే సర్వే ఉద్యోగికి సత్యం చెప్పడం మన ధర్మం.

మహలనోబిస్ చరమజీవితంలో పదవులూ, గౌరవాలూ కొల్లలుగా వచ్చాయి. 1945లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1968లో పద్మవిభూషణ్ లభించాయి. 1956లో ఆరంభమైన రెండవ పంచవర్ష ప్రణాళికకు ముసాయిదా కూర్చినవారాయనే. భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన ఆ ప్రణాళిక వ్యవసాయాన్ని చిన్నచూపు చూచినదన్న విమర్శ నేటికీ ఉన్నది. అదే 1956లో ఆయన సంస్థకు దేశంలోని తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ వచ్చింది. 1959లో పార్లమెంటు చట్టం ఆ సంస్థకు జాతీయ ప్రాముఖ్యం కల్పించింది. చివరివరకూ పనిలోనే మునిగి ఉండి, 1972 జూన్ 28న, డెబ్బది తొమ్మిదవ జన్మదినానికి ఒక్కరోజు ముందు, కలకత్తాలో కన్నుమూశారు. 2007 నుండి ఆయన జన్మదినమైన జూన్ 29ని జాతీయ సాంఖ్యక దినంగా జరుపుకొంటున్నాము.

ప్రియ విద్యార్థులారా! మీలో కొందరు రేపు సాంఖ్యక శాస్త్రాన్ని అభ్యసించవచ్చును. కొందరు సర్వే ఉద్యోగులై పల్లెలు తిరుగవచ్చును. మిగిలినవారు పత్రికలలో అంకెలు చదివే పౌరులైనా అవుతారు. ఎవరైనా ఒక అంకె చూపి మిమ్మల్ని ఒప్పించబూనినప్పుడు, అది ఎందరిని అడిగి రాబట్టినదో, ఎవరిని అడుగక విడిచినదో, ఎంత మేరకు తప్పవచ్చునో తప్పక అడగండి. పల్లెలో ఒక తల్లికి రక్తం చాలకపోవడం ఆమె ఒక్కతె కష్టం కాదు. నమూనాలో ఆమె వెనుక వందలాది తల్లులు నిలబడి ఉన్నారు. ఆమె జవాబును నిర్లక్ష్యంగా వ్రాసుకొన్న కలం వారందరికీ ద్రోహం చేసినదవుతుంది. తన లెక్కనే రెండుసార్లు పరీక్షించుకొని, తేడా ఉంటే దాచక చెప్పిన ఆ మహనీయుని నిజాయితీని మనం అలవరచుకొన్ననాడు, 'సుమారు' అనే మాట తప్పించుకొనే సాకుగా గాక, తిరిగి తన పూర్వార్థమైన లెక్కగా మన నోట పలుకుతుంది.